పింఛను తప్ప వేరే మాట రాలేదంటే

ప్రశ్న: నెల్లూరు జిల్లా మెట్ట ప్రాంతంలో ఒక గ్రామ సచివాలయంలో సంక్షేమ, విద్యా సహాయకుడిగా చేరి ఏడాది అయింది. వికలాంగులకు అందే సేవలు ఎలా ఉండాలో వాళ్లనే అడిగి నివేదిక పంపమని పైనుంచి చెప్పారు. సమావేశం పెడితే పద్దెనిమిది మంది వచ్చారు. రెండు గంటలసేపు పింఛను గురించి తప్ప వేరే మాట రాలేదు. ఇలాంటివాళ్లను సేవల రూపకల్పనలో భాగస్వాములను చేయడం నిజంగా సాధ్యమేనా? నివేదికలో ఏం రాయాలి?

సమాధానం:

సాధ్యమే. ఎలాగో చెప్పే ముందు నేనెవరో చెబుతాను. మూడేళ్ల వయసులో పోలియో వచ్చి నా కుడికాలు పడిపోయింది. పేదరికం తగ్గించడానికి పెట్టిన వెలుగు పథకం రోజుల్లో మా మండలంలో వికలాంగుల పొదుపు సంఘాలు కట్టినప్పుడు మొదటి సంఘంలోనే చేరాను. ఆ తర్వాత మండల సమాఖ్యలో లెక్కలు రాశాను, చంకకర్రతో ఊళ్లు తిరిగాను. ఇరవై ఏళ్లు దాటింది. మీరు పెట్టినలాంటి సమావేశాల్లో చాప మీద కూర్చున్నదాన్నీ నేనే, ఎదురుగా కుర్చీలో కూర్చుని రాసుకున్నదాన్నీ నేనే.

అందుకే మీ ప్రశ్నలో ఒక మాట దగ్గర ఆగిపోయాను. “ఇలాంటివాళ్లను” అన్నారు. చెడు ఉద్దేశంతో అన్నారని నేను అనుకోవడం లేదు. కానీ ఆ మాట వెనకాల ఒక నమ్మకం ఉంది: వీళ్లకు అడగడమే వచ్చు, ఆలోచన చెప్పడం రాదని. ఆ నమ్మకం ఉన్నంతవరకు కింద నేను రాసే పద్ధతులేవీ మీకు పనికిరావు. మీ ఊళ్లో ఏ సేవ ఎక్కడ తెగిపోతోందో అందరికంటే బాగా తెలిసినవాళ్లు ఆ పద్దెనిమిది మందే.

వాళ్లు పింఛను గురించే ఎందుకు మాట్లాడారు? ఇన్నేళ్లలో నోరు తెరిస్తే ఫలితం కనిపించింది అందులోనే కాబట్టి. 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3,000 రూపాయల నుంచి 6,000 అయింది. పూర్తిగా మంచాన పడినవారికి 15,000 వస్తోంది. ఆ డబ్బు చేతికి వచ్చాకే ఇంట్లో వేళకు అన్నం పెట్టడం మొదలైన ముసలివాళ్లను నేను చూశాను. ఆ తర్వాత 2025లో వైకల్య శాతాన్ని మళ్లీ పరీక్షించి నోటీసులు ఇవ్వడం మొదలైనప్పుడు, పింఛనుకు కావలసిన నలభై శాతం గీత కింద పడతామేమోనని ఎంతమంది నిద్రలేకుండా గడిపారో మీ సచివాలయం గడప దగ్గరే మీకు తెలిసి ఉంటుంది. ఆ భయం ఇంకా కడుపులో ఉన్న మనిషిని కూర్చోబెట్టి “సేవల రూపకల్పన” అంటే ఏం మాట్లాడతాడు? “నా పింఛను ఉంటుందా?” అనే అడుగుతాడు.

కాబట్టి వచ్చే సమావేశంలో మొదటి గంట పింఛనుకే ఇవ్వండి. పక్కకు తిప్పకండి. ఒక్కొక్కరి ఇబ్బంది పేరుతో సహా రాసుకోండి. ఓపికగా వింటే పింఛను మాటలోనే రూపకల్పన దొరుకుతుంది. మా మండలంలో కుష్ఠువ్యాధి నయమైన పెద్దావిడ ఒకరు ఉండేవారు. వేళ్లు అరిగిపోయి ముద్ర పడేది కాదు. ప్రతి నెలా వీధిలో అందరి ముందూ ఆమె వేలు యంత్రం మీద పెట్టించడం, పడలేదని తుడిపించడం, ఇంకో వేలు చూడటం, చుట్టూ ఇరుగుపొరుగు నిలబడి చూడటం. సమావేశంలో ఆమె వంతు వచ్చినప్పుడు మేమంతా డబ్బు సంగతే చెబుతుందనుకున్నాం. ఆవిడ చీర కొంగులో దాచుకున్న చేతులు బయటికి తీయకుండానే, “నా చేతులు నలుగురిలో పట్టి చూపించకండయ్యా, లోపలికి వచ్చి ఇవ్వండి” అంది. ఇల్లు చేరి, లోపల కూర్చుని, వేలిముద్రతో కుస్తీ పడకుండా ముందే కంటిపాపతోనో ముఖంతోనో గుర్తించే పద్ధతి వాడాలని ఆ ఊళ్లో ఆ రోజే నిర్ణయించారు. ఒక్క రూపాయి ఖర్చు లేదు, పైనుంచి ఉత్తర్వు అక్కర్లేదు. ఆ మాట చెప్పగలిగింది ఆమె ఒక్కతే. పింఛను పంపిణీ మీద ఎన్ని సమీక్షలు జరిగి ఉంటాయో, ఒక్కదానిలోనూ ఈ సంగతి పైకి రాలేదు.

ఇక రెండో విషయం, నా లెక్కలో అన్నిటికంటే పెద్దది: ఎప్పుడు అడుగుతున్నాం? గోడ కట్టాక అడిగితే అది అభిప్రాయ సేకరణ. ముగ్గు పోసే రోజున అడిగితేనే భాగస్వామ్యం.

ఇది నేను కంటితో చూసి నేర్చుకున్నాను. ఒక ఊళ్లో ప్రభుత్వ భవనం ఒకటి కట్టి, ప్రారంభోత్సవానికి మా సమాఖ్యను పిలిచారు. “మీ కోసం ర్యాంపు కట్టించాం” అని సంతోషంగా చూపించారు. అరుగు ఎత్తు రెండున్నర అడుగులు, ర్యాంపు పొడవు ఎనిమిది అడుగులు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలనేది ప్రమాణం, అంటే ముప్ఫై అడుగులు కావాలి. మూడు చక్రాల బండి మీద వచ్చిన మా సభ్యుణ్ని ఇద్దరు వెనక నుంచి నెట్టి పైకి ఎక్కించారు. ఫొటో తీశారు. దిగేటప్పుడు ఆయన బండి దిగి, మెట్ల మీద చేతులు ఆనించి కూర్చుని కూర్చుని కిందికి వచ్చాడు. ఆ సాయంత్రం మాలో ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. కట్టినవాళ్లకు మా మీద కోపం లేదు, కంట్రాక్టరు దొంగ కాదు. ఎవరినీ అడగలేదు, అంతే.

తర్వాత ఇంకో ఊళ్లో అంగన్‌వాడీ భవనానికి స్థలం చదును చేస్తున్నారని తెలిసి, ఈసారి పిలవకముందే వెళ్లాం. ముగ్గురం: చేత్తో తిప్పే మూడు చక్రాల బండి ఉన్న ఆయన, చూపు లేని ఒక డిగ్రీ కుర్రవాడు, నేను. తాపీ మేస్త్రి మొదట విసుక్కున్నాడు. ఇంజినీరింగ్ సహాయకుడు మాత్రం కాసేపు ఆగి చూద్దామన్నాడు. ముగ్గుపిండితో నేల మీద ర్యాంపు గీశారు, మూల దగ్గర మలుపు తిరిగేలా. బండాయన ఆ గీతల మధ్య బండి నడిపి చూపించాడు. మలుపు దగ్గర ముందు చక్రం గీత దాటి బయటికి పోయింది. మళ్లీ వెనక్కి తీసి తిప్పాడు, మళ్లీ దాటింది. మేస్త్రి అప్పటిదాకా దూరంగా నిలబడ్డవాడు దగ్గరికి వచ్చి, బండి చుట్టూ తన పాదాలతో కొలిచి, పాత గీతను కాలితో చెరిపేసి కొత్తది గీశాడు. “ఎక్కేటప్పుడు చేతులు నొప్పి పుడితే ఆగడానికి మధ్యలో చదును జాగా కూడా కావాలి, లేకపోతే వెనక్కి జారతాను” అన్నాడు బండాయన. దాన్నీ గీశాడు. చూపు లేని కుర్రవాడు కర్రతో గీతల పక్కన తడుముతూ, “అంచు ఎక్కడుందో నా కర్రకు ఎలా తెలుస్తుంది?” అని అడిగాడు. మేస్త్రి దగ్గర జవాబు లేదు. కాసేపు ఆలోచించి, “పక్కన ఒక వరుస ఇటుక లేపుతాను, నీ కర్ర తగులుతుంది” అన్నాడు. ఒక్క వరుస ఇటుక. ఆ ర్యాంపు ఇప్పుడు మూడు చక్రాల బండ్లకే కాదు, నెలలు నిండిన తల్లులకూ, గుడ్ల ట్రేలు మోసుకొచ్చే ఆయమ్మకూ దారి.

మూడో విషయం, వచ్చినవాళ్ల గురించి కాదు, రానివాళ్ల గురించి. మీ పద్దెనిమిది మంది జాబితా ఒకసారి తీసి చూడండి. నా అనుభవాన్ని బట్టి అందులో ఎక్కువమంది కాలికి వైకల్యం ఉన్న మగవాళ్లై ఉంటారు. ఆడవాళ్లు ఎంతమంది? చూపు లేనివాళ్లు? వినపడనివాళ్లు ఒక్కరైనా ఉన్నారా? మతి సరిగా లేదని ఇంట్లో కూర్చోబెట్టినవాళ్లు? మంచం మీద ఉన్నవాళ్ల తరఫున ఎవరైనా వచ్చారా? యానాది కాలనీ నుంచి? మన జిల్లాలో యానాది కుటుంబాలు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఆధార్ సరిగా లేక, సర్టిఫికెట్ దాకా రాని వికలాంగులు వాళ్లలో చాలామంది. మీ పిలుపు పింఛను జాబితా చూసి వెళితే, ఆ జాబితాలో లేనివాళ్లకు అందదు. ఎవరికి ఎక్కువ అన్యాయం జరుగుతోందో వాళ్ల మాటే మీకు వినపడకుండా పోతుంది.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. రాష్ట్ర స్థాయి సలహా మండలిలో సంఘాల తరఫున పదిమందిని వేయాలనీ, వీలైనంత వరకు వాళ్లు వికలాంగులే కావాలనీ, అందులో కనీసం ఐదుగురు స్త్రీలుండాలనీ అదే చట్టం చెబుతోంది. రాష్ట్రానికి పెట్టిన నియమాన్ని మీ ఊరి సమావేశానికి పెట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. సగం మంది ఆడవాళ్లు లేకపోతే సమావేశం మొదలుపెట్టం అని మా సమాఖ్యలో పెట్టుకున్నాం. మొదట్లో రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి మగవాళ్లే వెళ్లి తీసుకొచ్చారు.

వినపడనివాళ్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. అందరూ మరిచిపోయేది వాళ్లనే. ఒక ఆసుపత్రిలో సదరం పరీక్షలకు (వైకల్య శాతం తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే పరీక్షలవి) మా ఊరి నుంచి ఒక కుర్రవాణ్ని తీసుకుని అతని తల్లి, నేను వెళ్లాం. పొద్దున ఏడింటికే చేరాం. నడవాలో వందమంది. తలుపు దగ్గర ఒకాయన నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. తల్లి మంచినీళ్ల కోసం కిందికి వెళ్లింది, నేను ఇంకొకరి కాగితాలు చూస్తున్నాను. అదే సమయంలో వీడి పేరు పిలిచారు. పలకలేదు, తర్వాతి పేరుకు వెళ్లిపోయారు. వినపడదని సర్టిఫికెట్ కోసం వచ్చిన పిల్లవాణ్ని నోటితో పిలిచి, రాలేదని పక్కన పెట్టారు. మళ్లీ స్లాట్ తీసుకోమన్నారు. ఒక రోజు కూలి, ముగ్గురి బస్సు చార్జీలు పోయాయి. ఇంటికి వచ్చాక వాడు నా చేతిలో పెన్ను లాక్కుని, తన అరచేతి మీద 14 అని పెద్దగా రాసి, చెయ్యి పైకెత్తి నాకు చూపించాడు. వాడి వంతు అది. అంకె రాసి చూపించి ఉంటే వెళ్లేవాణ్నని చెబుతున్నాడు.

ఆ అరచేతినే మేము అర్జీగా రాశాం: పేర్లు పిలవడంతో పాటు అట్టముక్క మీద పెద్ద అంకె రాసి చూపించాలని. తర్వాతి పరీక్షల రోజున తలుపు దగ్గర అంకెల అట్టలు కనిపించాయి. వినపడనివాళ్లకే కాదు, కంగారులో ఉన్న ప్రతి ఒక్కరికీ అది మేలు చేసింది. మన ఊళ్లలో వినపడనివాళ్లలో చాలామంది బడిలో సంజ్ఞా భాష నేర్చుకున్నవాళ్లు కారు. ఇంట్లో తల్లికో చెల్లికో అర్థమయ్యే సైగలే వాళ్ల భాష. కాబట్టి జిల్లా కేంద్రం నుంచి సంజ్ఞా భాష తెలిసినవాళ్లను రప్పించినా, ఇంట్లో సైగలు తెలిసిన ఆ ఒక్క మనిషిని కూడా పిలవండి. వాళ్ల బస్సు చార్జీ కూడా మీ లెక్కలోకి రావాలి.

అయితే ఇంటివాళ్లు మాట్లాడితే సరిపోతుందనుకోవడం కూడా తప్పే. మేధో వైకల్యం ఉన్న పన్నెండేళ్ల అమ్మాయి ఒకతి, ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే కేంద్రానికి వెళ్లడం మానేసింది. కాగితంలో “తల్లిదండ్రుల అశ్రద్ధ” అని రాశారు. నేను ఇంటికి వెళ్లి అడిగితే తల్లి, “దానికేం తెలుసక్కా, మొండికేస్తోంది” అంది. అమ్మాయి నా కొంగు పట్టుకుని లాగి, పెరట్లో తడికలు కట్టిన స్నానాల గది దగ్గరికి తీసుకెళ్లింది. లోపలికి వెళ్లి తలుపు వేసింది, తీసింది, మళ్లీ వేసింది. తర్వాత కేంద్రం ఉన్న దిక్కుకు చెయ్యి చూపించి తల అడ్డంగా ఊపింది. మరునాడు కేంద్రానికి వెళ్లి చూశాను. మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదు. పక్కనే మగపిల్లలు ఆడుకునే జాగా. గడియ బిగించిన వారంలో ఆ పిల్ల మళ్లీ వెళ్లింది. ఆమె నోటితో ఒక్క మాటా చెప్పలేదు. కానీ ఆ కేంద్రం గురించి అంతకంటే సరైన నివేదిక ఇంకెవరూ ఇవ్వలేదు.

సేవలు అనగానే మీరు సంక్షేమ శాఖ పథకాల జాబితా పట్టుకుని కూర్చుని ఉంటారు. దాన్ని పక్కన పెట్టండి. “నిన్న పొద్దున లేచినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా ఏం చేశారో చెప్పండి, ఎక్కడ ఆగిపోయారో చెప్పండి” అని ఒక్కొక్కరిని అడగండి. నా ఇరవై ఏళ్లలో ఇంతకంటే మంచి ప్రశ్న నాకు దొరకలేదు. పథకం గురించి అడిగితే పథకం గురించే చెబుతారు. రోజు గురించి అడిగితే బతుకు గురించి చెబుతారు.

మీది మెట్ట ప్రాంతమన్నారు కాబట్టి ఫ్లోరైడు సంగతి రాయకుండా ఉండలేను. 1937లో మన దేశంలో వైద్యులు ఫ్లోరోసిస్ (ఫ్లోరైడు ఎక్కువై ఎముకలు, కీళ్లు బిగుసుకుపోయే జబ్బు) గురించి తొలిసారి రాసిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోనివే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లాయి. ఉదయగిరి వైపు కూడా ఆ నీళ్లు తాగి నడుములు వంగిపోయినవాళ్లు, మెడ తిరగనివాళ్లు ఉన్నారు. చట్టంలోని 21 పేర్లలో ఫ్లోరోసిస్ అని విడిగా లేదు. కీళ్ల కదలికను కొలిచి చలన వైకల్యం కింద లెక్క వేయాలి. నొప్పికి కొలత లేదు కాబట్టి చాలామందికి శాతం రాదు, శాతం రాకపోతే సమావేశానికి పిలుపు రాదు. మేము ఒకసారి జాబితాతో పని లేకుండా పిలిచాం. నడుము బిగిసిపోయిన ఒక రైతు వచ్చి చివర కూర్చున్నాడు. పింఛను గురించి అడిగినప్పుడు మాట్లాడలేదు, ఉపకరణాల గురించి అడిగినప్పుడు మాట్లాడలేదు. నిన్నటి రోజు చెప్పమంటే, “నీళ్ల ప్లాంటు దగ్గర ఆగిపోయాను” అన్నాడు. కుళాయి మోకాలి ఎత్తులో ఉంది. క్యాను నేల మీద పెట్టి పట్టాలి, ఇరవై లీటర్ల బరువు నేల మీద నుంచి ఎత్తాలి. వంగలేని మనిషి ఎవరైనా వచ్చేదాకా అక్కడ నిలబడి ఉండాలి. ఎవరి నడుము ఆ నీళ్ల వల్ల బిగుసుకుపోయిందో, మంచి నీళ్లు పట్టుకోవడం అతనికే కుదరడం లేదు. నడుము ఎత్తు సిమెంటు దిమ్మె ఒకటి కట్టి, దానికి తగ్గట్టు కుళాయి పైకి మార్చి, పది లీటర్ల క్యాన్లు కూడా పెట్టమని పంచాయతీకి రాశాం. దిమ్మె రెండు నెలల్లో వచ్చింది. క్యాన్ల కోసం ఏడాది తిరిగాం. ఆ రైతు వికలాంగుల శాఖ లెక్కలో ఎక్కడా లేడు.

సమావేశం నడిపే తీరు గురించి కొన్ని ముక్కలు. ఒకటో తేదీన పెట్టకండి, ఆ రోజు పింఛను కోసం ఇల్లు కదలరు. సోమవారం వద్దు, అర్జీలు పట్టుకుని కలెక్టరేటుకు వెళ్లేవాళ్లుంటారు. ఎండాకాలంలో పదింటికల్లా ముగించాలి. మేడ మీది హాలు వద్దు. బడి వరండా మేలు, మరుగుదొడ్డికి వెళ్లే దారి ముందే చూసుకోండి. ఆ దారి లేని చోట పెడితే ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగకుండా వస్తారు, ఈ సంగతి మీకు ఎవరూ చెప్పరు. కూలి పోగొట్టుకుని వచ్చేవాళ్లకు ఆ కూలి, తోడు వచ్చినవాళ్లకు చార్జీ ఇవ్వాలి. అధికారులు సమావేశానికి వస్తే ప్రయాణ భత్యం తీసుకుంటారు. అదే సమావేశానికి ఆలోచన ఇవ్వడానికి వచ్చిన మనిషి సొంత డబ్బు పెట్టుకుని రావాలనడం న్యాయం కాదు. డబ్బు ఏ పద్దులో దొరుకుతుందో మీ పంచాయతీ కార్యదర్శితో ముందే మాట్లాడి పెట్టుకోండి.

ఏది ముందు చేయాలో తేల్చేటప్పుడు చేతులెత్తమనకండి. చెయ్యి లేవనివాళ్లుంటారు, పక్కవాడి చెయ్యి చూసి ఎత్తేవాళ్లుంటారు. ఒక్కో సమస్యకు ఒక గిన్నె పెట్టి, మనిషికి ఐదు చింతగింజలు ఇవ్వండి. చూపు లేనివాళ్లు గిన్నె తడిమి వేస్తారు, చదువు రానివాళ్లు వేస్తారు, మాట రానివాళ్లు వేస్తారు. ఎవరి గింజ ఏదో ఎవరికీ తెలియదు. గింజలు అందరి ముందూ లెక్కపెట్టాలి.

మొదట్లోనే ఒక నిజం చెప్పేయండి: పింఛను ఎంత ఉండాలో తేల్చే అధికారం మీ చేతిలో లేదని, సదరం స్లాట్లు జిల్లా స్థాయిలో తేలతాయని, ర్యాంపు, కుళాయి, వీధి దీపం పంచాయతీలో తేలతాయని, సచివాలయంలో కుర్చీ ఎక్కడ వేయాలో, కాగితం చదివి వినిపించాలో లేదో మీరే తేల్చగలరని. ఆ చివరి రకం పనులు మొదటి నెలలోనే చేసి చూపించండి. మా వాళ్లు మోసపోయి అలసిపోయారు. ఒక్క కుర్చీ జరిగినా రెండో సమావేశానికి వస్తారు.

చట్టం సంగతి మీకు పనికొచ్చినంత వరకే రాస్తాను. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడికను మన దేశం 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది. వికలాంగులకు సంబంధించిన నిర్ణయాల్లో వాళ్ల సంఘాలను దగ్గరగా సంప్రదించి భాగస్వాములను చేయాలని అందులో నాలుగో అధికరణం చెబుతోంది. మన 2016 చట్టంలో 48వ సెక్షన్ పథకాలపై సామాజిక తనిఖీ జరపమంటోంది, 72వ సెక్షన్ జిల్లా స్థాయి కమిటీ వేయమంటోంది. ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీ మన ఊళ్లలో అందరికీ తెలిసిందే. అదే తీరున వికలాంగులే తనిఖీదారులుగా బడిని, ఆసుపత్రిని, బస్టాండును చూసి గ్రామసభలో చదవవచ్చు. భవనాలు, సేవలు అందరికీ అందుబాటులో ఉండటానికి తప్పనిసరి ప్రమాణాలు పెట్టాలని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పక్కనున్న తమిళనాడు 2025 ఏప్రిల్‌లో స్థానిక సంస్థల్లోకి వికలాంగులను నామినేట్ చేసేలా చట్టాలను సవరించింది. తడ దాటితే వికలాంగులకు పంచాయతీలో కుర్చీ ఉన్నప్పుడు మన దగ్గర ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న మీ నివేదికలో రాయవచ్చు.

మన జిల్లావాళ్లకు ఇదేమీ కొత్త కాదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించినప్పుడు వాళ్లకు చట్టం ఎవరూ చెప్పలేదు. రాత్రి బడిలో కూర్చుని తమ బతుకు గురించి తాము మాట్లాడుకున్నారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఆడవాళ్లు చదువురానివాళ్లని, వాళ్లకేం తెలుసని అన్నవాళ్లు అప్పుడూ ఉన్నారు.

పేరు గురించి కూడా ఒక మాట. అధికారిక కాగితాల్లో మమ్మల్ని విభిన్న ప్రతిభావంతులు అంటారు. ఢిల్లీ కాగితాల్లో దివ్యాంగులు. గౌరవించాలనే అలా పెట్టి ఉంటారు. నేను వికలాంగురాలిననే చెప్పుకుంటాను, మా సంఘం పేరులోనూ అదే ఉంది. కొందరికి అది నచ్చదు. మీ సమావేశంలో ఏమని పిలవాలో మొదటి ప్రశ్నగా వాళ్లనే అడగండి. మాకు ఇన్నిసార్లు పేర్లు మార్చారు, ఒక్కసారీ మమ్మల్ని అడగలేదు.

ఇక నివేదిక. పద్దెనిమిది మంది పింఛను పెంచమన్నారని మాత్రం రాసి పంపకండి తమ్ముడూ. ఒక్క సమావేశంతో తేలదనీ, మూడు నెలలు కావాలనీ రాయండి. మొదటి సమావేశానికి ఎవరు రాలేదో, ఎందుకు రాలేదో ఇళ్లకు వెళ్లి తెలుసుకుని పట్టికగా పెట్టండి. పైవాళ్లకు అది పద్దెనిమిది మంది మాటలకంటే ఎక్కువ చెబుతుంది. తర్వాత వచ్చిన ప్రతి కోరికకూ ఎదురుగా మూడు గడులు గీయండి: అడిగింది ఎవరు, ఒప్పుకున్నది ఎవరు, కాదంటే కారణం ఏమిటి. ఆ కాగితం పైకి పంపే ముందు అదే వరండాలో అందరికీ చదివి వినిపించండి, వినపడనివాళ్లకు సైగల మనిషితో చెప్పించండి, తప్పుంటే అక్కడే దిద్దించండి. కాదన్న వాటిని దాచకండి. “ఇది కుదరదన్నారు, కారణం ఇది” అని ముఖం మీద చెప్పినా మా వాళ్లు భరిస్తారు. అర్జీ తీసుకెళ్లి మళ్లీ కనపడకపోవడమే భరించలేరు.

రెండో సమావేశం తేదీ ఖరారయ్యాక ఇక్కడ రాయండి. ఉదయగిరి బస్సు దారిలోని ఊరైతే నేను వస్తాను. వచ్చేలోపు ఒక పని చేసి ఉంచండి. మీ సచివాలయం గుమ్మం ఎత్తు టేపుతో కొలిచి, ర్యాంపు పొడవు కూడా కొలిచి, రెండు అంకెలూ రాసి పెట్టండి.